ఊగాల గానీ ఎగరకూడదు

“మెల్లగా మాటాడు అసిరయ్యా,” అన్నాడు నరసింగరావు, షెడ్డు గుమ్మం కేసి సూస్తూ. “నాకు మెత్తవే కావాల.”

బల్ల మీద రెండు జతల స్ప్రింగులున్నాయి. కలకత్తా నుండి రైల్లో దిగినాయవి. నల్లరంగువి గట్టివి, పచ్చరంగువి మెత్తవి. పక్కన కొత్త షాకబ్సర్లు నాలుగు. ఇజీనగరంలో లారీలు, జీపులు బాగుసేసే షెడ్డు అది. పరుగుల కారు ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. రెండే సీట్లు, గుడ్డ కప్పు, మిరప్పండు లాగ ఎర్రగున్నాది. నెల్లిమర్లలో ఉన్న దొరొకడు వాల్ల దేశం ఎల్లిపోతూ అమ్మీస్తే నరసింగరావు కొన్నాడు. మూడు నెల్ల కిందటి దాకా గాలివాన లాగ తోలీవోడు. పక్కన కూకోడానికి మగోల్లే బయపడీవోరు.

“బాబూ, ఇది పరుగుల బండి. గట్టివి ఏస్తే మలుపులో నేలని పట్టుకుని ఎల్తాది. మెత్తవి ఏస్తే పడవలాగ ఊగుతాది.”

“ఊగనీ. ఊగాల గానీ ఎగరకూడదు. గోతిలో పడ్డా ఎడం సీటుకి తెలీకూడదు.”

“మరి షాకబ్సర్లు? బిగించీసినామంటే ఒక్క ఊపుకే బండి నిలబడిపోతాది. కాస్త వదులు సేస్తే మూడో నాలుగో ఊపులు ఊగుతాది.”

“నాలుగు సెయ్యి. ఎడం సీటుకి రెండు కొక్కేలు పెట్టు, బుట్ట కట్టుకోవాల. ఇంకోటి, హారను తీగ పీకీ.”

“హారను లేకపోతే ఎలాగ బాబూ?”

“పీకీ అన్నాను కదా. ఎవులికీ సెప్పకు. ఊల్లో తెలిస్తే తలెత్తుకోలేను.”

ఆ మనిషి గుడ్లు ఎర్రగున్నాయి. సొక్కా నలిగిపోయున్నాది. తూలుకుంటూ రిక్షా ఎక్కి ఎల్లిపోయినాడు.

మజ్జాన్నం కూర్మమ్మ మొగుడికి అంబలి ముంత అట్టుకొచ్చింది. అసిరయ్య కారు కింద పడుకుని నట్లు ఇప్పుతున్నాడు. ఆవిడ ఊరికే ఉండక ఎడం సీటు కింద సెయ్యెట్టి తడిమింది. ఒక సీసా సేతికి తగిలింది. అడుగున తెల్లగా మడ్డి. మూత తీసి వాసన సూసి మొకం తిప్పీసుకుంది.

“మావా, ఇవతలికి రా. ఇదేటి?”

అసిరయ్య వాసన సూసినాడు. పులిసిపోయున్నాది.

“కల్లు,” అన్నాడు గొంతు తగ్గించి.

ఆ రోజుల్లో తాగుడు బందు. కల్లయినా, సారా అయినా దొరికితే జైలే. రెండేల్ల కిందట ఎవడో వచ్చి వేను అడుగున రేకు పెట్టె ఒకటి అతకమంటే, ఎందుకని అడక్కుండా అతికినాడు అసిరయ్య. అందులో సారా దొరికింది. పదకొండు రోజులు లోపలెట్టీసినారు.

“గలగలమనకుండా మెత్త స్ప్రింగులు. బుట్టకి కొక్కేలు. సప్పుడు లేకుండా హారను పీకుడు. ఎవులికీ సెప్పొద్దన్నాడా? ఇంకేటి కావాల మావా నీకు?”

“పెద్దింటి బాబే కూర్మీ...”

“పెద్దింటి బాబు ఇంటికెల్తాడు, నువ్వు లోపలికెల్తావు. ఈపాలి నువ్వు లోపలికెల్తే నేను కోటబొమ్మాళి మా అమ్మకాడికి ఎల్లిపోతాను. మరి రాను. పైడితల్లమ్మ మీదొట్టు.”

“ఇప్పీసినానే! బండిని ముక్కలు ముక్కలుగా ఇచ్చీమంటావేటి?”

కూర్మమ్మ అంబలి ముంత అక్కడెట్టీసి, వడ్డించకుండా ఎల్లిపోయింది.

సాయంకాలం నరసింగరావు వచ్చినాడు. అసిరయ్య ఎడం సీటు మీద గ్లాసుడు నీల్లెట్టి, బండిని గట్టిగ నొక్కి వదిలినాడు. నాలుగు ఊపులు ఊగి ఆగింది. సుక్క ఒలకలేదు. నరసింగరావు మొకం ఎలిగిపోయింది. మసిసేతులని కూడా సూడకుండా అసిరయ్య సేతులు పట్టుకున్నాడు.

“నన్ను బతికించీసినావురా!”

“బాబూ, ఆ బుట్టలో...” అన్నాడు అసిరయ్య. అప్పటికే ఆయన బండెక్కి కదిలిపోయినాడు.

మర్నాటి నుండి రోజూ మజ్జాన్నం ఆ ఎర్రకారు కోట సుట్టూరా తిరగడం మొదలెట్టింది. ఎడ్లబండి కన్నా నెమ్మది. ఎడం సీట్లో బుట్ట, బుట్ట మీద తువ్వాలు. అది షెడ్డు ముందు నుండి ఎల్లినప్పుడల్లా అసిరయ్య అంబలి ముంత వదిలీసి లారీ ఎనక్కి దాక్కునీవోడు.

నాలుగోనాడు సరిగ్గా షెడ్డు ముందరే, హెడ్డు కానిస్టేబులు జగన్నాధం సైకిలుకి అడ్డంగా వచ్చీసింది కారు. హెడ్డు దిగి సెయ్యి అడ్డమెట్టినాడు.

“ఏటి బాబూ, హారను కొట్టరా?”

“మెల్లగా మాటాడండి హెడ్డుగారూ, మీకు దండం ఎడతాను.”

“ముందు ఇంజను ఆపండి.”

“ఆపితే నా కొంప మునిగిపోతాది!”

“ఆ బుట్టలో ఏటి?”

నరసింగరావు నోటి మీద ఏలెట్టుకున్నాడు. షెడ్డులో కూర్మమ్మ మొగుడి సెయ్యి గట్టిగ పట్టీసుకుంది. హెడ్డు తువ్వాలు కొస ఎత్తి తొంగి సూసినాడు. సాలాసేపు సూసినాడు. మల్లీ జాగర్తగా కప్పీసినాడు.

“ఎల్లండి బాబూ. నెమ్మదిగా ఎల్లండి,” అని గుసగుసలాడి దారిచ్చినాడు. బండి ఊగుకుంటూ ఎల్లిపోయింది.

“ఈయనా తోడుదొంగే మావా,” అంది కూర్మమ్మ.

హెడ్డు తిన్నగా షెడ్డులోకి వచ్చినాడు.

“ఒరే, ఆ స్ప్రింగులు ఏసింది నువ్వేనా?”

“తప్పయిపోనాది బాబూ! బుట్టలో ఏటుందో నాకు తెల్దు. నన్ను లోపలెట్టీకండి, నా పెల్లాం కోటబొమ్మాళి ఎల్లిపోతాది.”

“నీ పెల్లాం ఊసు నాకెందుకురా! అలాటి స్ప్రింగులు నా సైకిలు ఎనక సీటుకి ఏస్తావా?”

అసిరయ్య మొకం ఎత్తి సూసినాడు. “తవరికెందుకు బాబూ?”

హెడ్డు పెద్దగా ఆవలించి, ఎర్రబడిపోయిన గుడ్లు నులుముకున్నాడు.

“మా మనవరాలూ అంతేరా, సీసాడు పాలు తాగినా ఊపితే గానీ నిద్దరోదు.”