మొండిఘటం

"ఇవాళ ఆ మొండిఘటం గడప దాటకపోతే, రేపు నువ్వు దాటుతావ్!"

ఆ మాట అనేసి యజమాని భోజనానికి వెళ్లిపోయాడు. కుట్టుమిషన్ల కొట్టులో సేల్స్‌మన్ ఒక్కడే మిగిలాడు. ఎదురుగా మొండిఘటం.

చూడ్డానికి మాత్రం పెళ్లికూతురే. ఒంటినిండా నీలిరంగు, నడుం చుట్టూ బంగారు పూలు. గుణమే దరిద్రం. పల్చటి గుడ్డ మీద బుద్ధిగా నడుస్తుంది. కాస్త మందం తగిలిందా, నాలుగు కుట్లు వేసి రెండు ఎగ్గొడుతుంది. అడుగున దారంతో పిచ్చుక గూడు కట్టేస్తుంది. ఎవరు కొనుక్కెళ్లినా వారం తిరక్కుండా అలిగిన కోడల్లా వెనక్కి వచ్చేస్తుంది.

తలుపు తోసుకుని ఒక పెద్దావిడ వచ్చింది. చంకలో మూట.

"నాయనా, బొంతలు కుట్టే మిషను చూపించు. ఆదివారం బొంతల పోటీ. ఏటా నాకు రెండో బహుమతే. ఈసారి మొదటిది కొట్టకపోతే జన్మలో సూది ముట్టను."

మూట విప్పి బల్ల మీద పరిచింది. పైన రంగురంగుల ముక్కల గుడ్డ, మధ్యలో దూది, కింద పాత దుప్పటి. వేలెడు మందం.

సేల్స్‌మన్ ఆ మందాన్ని వేళ్లతో నొక్కి చూశాడు. మొండిఘటానికి పడని తిండే తెచ్చిందీవిడ!

చేసేది లేక మంచి మిషను ముందుకు లాగాడు. గీత గీసినట్టు కుట్టింది. పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని, కుట్ల మీద గోరుతో రాసి చూసింది.

"చప్పగా ఉంది. ఇంకోటి?"

ఇంకోటి తీశాడు. వెన్నలో కత్తి దిగినట్టు దిగింది సూది.

"ఇది కుడుతోందా, కునుకు తీస్తోందా? తీసెయ్. అదిగో, ఆ మూల సింగారించుకుని కూర్చుందే, ఆవిడెవరు?"

సేల్స్‌మన్ దాని మీది దుమ్ము తుడిచాడు. "అదీ... అది కూడా మిషనేనండీ."

"కాక, గేదె అనుకున్నానా? కుట్టు!"

కుట్టాడు. మొండిఘటం పరువు తీసింది. కుట్టు కుట్టుకీ ఎగిరి దూకింది. పెద్దావిడ బొంత తిరగేసింది. అడుగున పిచ్చుక గూడు, పిల్లలొక్కటే తక్కువ.

"కొత్తలో అలా ఉంటుందండీ, పోనుపోను..."

"పోనుపోను బాగుపడుతుందా?" ఆవిడ మొహం వాడిపోయింది.

వాడికేమీ అర్థం కాలేదు. "అంటే... బాగుపడకపోవచ్చు కూడానండీ."

"మెకానిక్ చెయ్యి పెడితే దీని స్వభావం మారిపోదు కదా?"

"ఇద్దరు మెకానిక్‌లు చూశారండీ. దీని స్వభావం మారలేదు కానీ, వాళ్లలో ఒకడు వృత్తే మార్చేసుకున్నాడు."

"బంగారుతల్లి!" అంటూ పెద్దావిడ మిషను వీపు నిమిరింది. "ఇదే ఇచ్చెయ్!"

సేల్స్‌మన్ ఒళ్లంతా డప్పులు మోగాయి. ఒక్క గెంతులో డబ్బా తెచ్చాడు. ఈల వేసుకుంటూ మిషను ఎత్తి అందులో పెట్టాడు. ఉద్యోగం నిలిచింది! యజమాని భోంచేసి వచ్చేసరికి ఆ మూల ఖాళీ!

తాడు కడుతూ తలెత్తాడు. పెద్దావిడ తన బొంతని చంటిపిల్లని చుట్టినట్టు మడతపెట్టుకుంటోంది. రంగుల ముక్కలు ఎంత ముచ్చటగా పేర్చిందో! వేళ్ల కొసలన్నీ సూది పోట్లే.

వాడి చేతులు ఆగిపోయాయి. ఈల కూడా ఆగిపోయింది.

చచ్చినట్టు తాడు విప్పాడు.

"అమ్మా, నా ఉద్యోగం పోతే పోయింది. ఇది వద్దు. మందపు గుడ్డ దీని ఒంటికి పడదు. దీంతో కుడితే మొదటి బహుమతి కాదు కదా, పోటీ గుమ్మంలోకి కూడా రానివ్వరు. ఆ మొదటి మిషను పట్టుకెళ్లండి."

పెద్దావిడ వాణ్ణి ఎగాదిగా చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. బుగ్గన సొట్ట పడేలా నవ్వి, విప్పిన తాడు తిరిగి వాడి చేతిలో పెట్టింది.

"చూశాను లేవయ్యా, అందుకేగా ఏరికోరి పట్టుకున్నాను; మిషను పాడై దిగాలుగా కూర్చున్న మా తోడికోడలికి ఇది నా కానుక, ఏటా ఆ మొదటి బహుమతి ఎగరేసుకుపోయేది ఆ మహాతల్లే!"