బిల్డరు బస్సులో ధర్నాకి

"బేనర్ లోపల పెట్టవే, కర్రలు కనపడుతున్నాయి!" బస్సు మెట్ల మీంచి కసిరాడు బాబ్జీ మామయ్య.

భానుప్రియ బేనర్‌ని గబగబా దుప్పట్లో చుట్టేసింది.

సికింద్రాబాద్ కార్ఖానాలో రోడ్డు మీద ఆగిన ఆ ఏసీ బస్సు సాక్షాత్తూ శత్రువుది. భీమిలి అవతల నీలంపేట రేవులో, పడవలు లాక్కునే ఇసక మీద, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట, పద్దెనిమిది అంతస్తుల టవర్లు లేపుతున్న బిల్డరుది. ఫ్లాట్లు కొనేవాళ్ళని ఇక్కణ్ణుంచి ఉచితంగా తీసుకెళ్ళి, స్థలం చూపించి, భోజనం పెట్టి మరీ దింపుతాడు. ఆ బస్సులోనే వెళ్ళి, ఆ భోజనమే తిని, ఆ స్థలంలోనే ధర్నా చెయ్యాలన్నది మామయ్య ప్లాను. అది విన్నరోజు ఇక్కడ స్థిరపడ్డ రేవు వాళ్ళంతా నవ్విన నవ్వుకి కార్ఖానాలో మూడిళ్ళ పెచ్చులూడాయి.

మామయ్య షరతులు మాత్రం గట్టివి. ఉద్యోగం ఉన్నవాళ్ళే రావాలి. మొగుడూ పెళ్ళాం కలిసే రావాలి. మంచి బట్టలేసుకోవాలి.

"ధర్నాకి పట్టుచీరేంటి మామయ్యా?"

"కొనేవాళ్ళలా కనపడకపోతే గేటు దగ్గరే గెంటేస్తారే పిచ్చిదానా!"

నిజమే. భానుప్రియ మొగుడు కల్యాణ్ బేగంపేట సాఫ్ట్‌వేర్ ఆఫీసు ట్యాగు కూడా మెళ్ళో వేసుకుని తయారయ్యాడు.

"జెర జల్ది ఎక్కుండ్రి," అన్నాడు డ్రైవర్ పర్వతాలు. "గీ ఏసీకి తెల్లారేసరికి అందరు ఐస్ అయితరు."

మామయ్య తలలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. "ఒక్కళ్ళు తగ్గినా ఉద్యమం దెబ్బతింటుంది," అన్నాడు.

భానుప్రియకి ఇది సరదా కాదు. తల్లి పోయాక తనని పెంచింది అమ్మన్నమ్మ పెద్దమ్మ, ఆ ఇసక మీద చేపలు ఎండబెట్టే. మొన్న ఫోన్లో అడిగింది, "ఏటే గుంటా, గోడ కట్టీస్తే పడవలు మేడమీదకి లాగాలేటి? మీరొచ్చి ఒక్కపాలి అడ్డంగా నిలబడండి, సాలు."

"నలభై మందిమి వస్తున్నాం పెద్దమ్మా," అని మాటిచ్చింది.

పొద్దున్న రేవులో దిగేసరికి సైట్ ఆఫీసు ముందు ఎర్ర కారొకటి మెరుస్తోంది. దానికి కట్టిన రిబ్బను కారుకంటే పెద్దది. ఎక్కువ ఫ్లాట్లు అమ్మించిన ఏజెంటుకి బహుమతిట, పక్కన బోర్డు.

"ఇదెవరికొస్తుందో మామయ్యా?"

"ఎవడో సిగ్గులేనోడికి," అని తుపుక్కున ఉమ్మేశాడు మామయ్య. "పదండి. ముందు భోజనం. ఖాళీ కడుపుతో నినాదం పలకదు. తర్వాత మోడల్ ఫ్లాటు. శత్రువు బలమెంతో చూడాలి కదా? బేనర్ ఆఖర్న."

వంజరం వేపుడు ఒక్కో ముక్కా చెప్పంత ఉంది. లాలాగూడ వర్క్‌షాప్‌లో పనిచేసే జీవరాజు ప్రార్థనకి దించిన తల మూడో వడ్డన దాకా ఎత్తలేదు. ఆయన భార్య ఎమిలీ టీచరు. బేనర్ మీద 'మా తీరం అమ్మకానికి కాదు' అని ముత్యాల్లాంటి అక్షరాలు రాసింది ఆవిడే. మోడల్ ఫ్లాటు బాల్కనీలో ఆవిడ నిలబడింది నిలబడినట్టే ఉండిపోయింది.

"సముద్రం ఎంత దగ్గరగా ఉందో చూశావా భానూ!"

"మన సముద్రమే కదాంటీ. ఎప్పుడూ అక్కడే ఉంది."

"కింద నుంచి చూడ్డం వేరమ్మా."

"మనం కొనకపోతే బొంబాయి వాళ్ళు కొంటారు," అన్నాడు జీవరాజు పళ్ళు కుట్టుకుంటూ.

"జీవరాజూ! ఇటు రా!" మామయ్య అరుపుకి ఒడ్డున పీతలన్నీ కన్నాల్లో దూరాయి. అతన్ని ఓ మూలకి లాక్కెళ్ళి చేతులు తిప్పుతూ కడిగేశాడు. తిట్లు తిన్న జీవరాజు తలొంచుకుని తిన్నగా బుకింగ్ టేబుల్ దగ్గరకి నడిచాడు. మామయ్య ఇంకొకర్ని లాక్కెళ్ళాడు. ఆయన కూడా తిట్లు తిని అటే నడిచాడు. మామయ్య గొంతు బొంగురుపోయింది. టేబుల్ దగ్గర క్యూ గేటు దాకా పెరిగింది.

క్యూలో ఓ మెళ్ళో ఆఫీసు ట్యాగు వేలాడుతోంది.

"కల్యాణ్!"

"సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నా," నసిగాడు కల్యాణ్. "తూర్పు ఫేసింగ్ భానూ. ఇంత వాస్తు సిటీలో దొరుకుతుందా?"

"పెద్దమ్మకేం చెప్పను?"

"పెద్దమ్మ కోసమే మూడు బెడ్రూములది తీసుకున్నా."

భానుప్రియ బయటికొచ్చి బేనర్ విప్పింది. ఓ కర్ర పట్టుకుంది. రెండో కర్ర ఇసకలో పడుంది. చేపల వాసన వేసే చెయ్యి ఒకటి దాన్ని పైకెత్తింది.

"మిగతావోళ్ళేరే?" అంది అమ్మన్నమ్మ.

"వస్తారు పెద్దమ్మా."

బాల్కనీలోంచి ఎమిలీ చెయ్యూపింది.

మామయ్య కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "అందరూ అయిపోయారే భానూ. నువ్వొక్కదానివే మిగిలావు." అక్క కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "ఈ ద్రోహులతో ఆ బస్సెక్కను. నా దారిన నేనొస్తా."

"నా తమ్ముడొక్కడే మడిసి," అంది అమ్మన్నమ్మ.

తిరుగు ప్రయాణంలో బస్సంతా ఒకటే చర్చ, కర్టెన్లు నీలంవా, పచ్చవా అని. కల్యాణ్ పక్కన కూర్చోలేక భానుప్రియ డ్రైవర్ కేబిన్‌లోకి వెళ్ళిపోయింది.

"ఏందమ్మా, గంత పరేషాన్ గున్నవ్?" అడిగాడు పర్వతాలు.

"నా అనుకున్నవాళ్ళంతా మోసం చేశారన్నా. ఒక్క మా మామయ్య తప్ప."

వెనకనుంచి ఒకటే హారన్. పర్వతాలు సైడిచ్చాడు. విప్పని రిబ్బను గాలికి టపటపా కొట్టుకుంటూ ఎర్ర కారు బస్సుని దాటింది.

స్టీరింగ్ ముందు బాబ్జీ మామయ్య!