కాళ్ల ముచ్చట లేని అధ్యాయం

హజీరా సంచిలోంచి ఆ పుస్తకం బయటికి తీసేసరికి మధుసూదన్ సారు బోర్డు వైపు తిరిగిపోయాడు.

అట్ట మీద పేరు "నేను ఆడిన ఇండ్లు". రాసింది ఆటకత్తె కాంతమణి. తన బతుకు తానే చెప్పుకుంది.

అదీ ఇవాళే. వెనక బెంచీ పక్కన కుర్చీ వేయించుకుని, తనిఖీకి వచ్చిన బళ్ల ఇన్‌స్పెక్టర్ బ్రహ్మచారి కూర్చున్న పూటే.

పోలీసు చర్య జరిగి ఏడాది కాలేదు. పాఠాలు తెలుగులో చెప్పమని సికింద్రాబాదు బళ్లకు హుకుం అయితే వచ్చింది గానీ, తెలుగు వాచకాలు రాలేదు. ఇంట్లో ఏ తెలుగు పుస్తకముంటే అది పట్టుకురమ్మని ఏడో తరగతికి చెప్పింది సారే. కథలో ఏం జరిగిందని కాదు, దాన్ని ఎట్లా అల్లారో చూడమని నూరిపోసింది కూడా ఆయనే. ఏది ముందు పెట్టారు, ఏది దాటేశారు? మనిషి ఏదైనా దాచాలనుకుంటే చెప్పే అలవాటు అక్కడ తప్పుతుంది, పట్టుకోండి అన్నాడు. పిల్లలు నేర్చుకున్నారు. అదే కొంప ముంచింది.

ఊరి లెక్కలో సారు రజాకార్ల కాలంలో నిజాం మీద పోరాడే సరిహద్దు క్యాంపులో తుపాకీ పట్టిన మనిషి. ఉద్యోగం ఆ పేరు మీదే వచ్చింది. అదే తుపాకీతో ఒక పులిని కూడా పడగొట్టాడని బోయిన్‌పల్లిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్లకు చెప్పింది సారే.

నిజానికి తన మీద నిజాం సర్కారు వారెంటు పడ్డ ఆ వేసవంతా ఆయన మోండా మార్కెట్ వెనక గల్లీలో, కాంతమణి ఇంట్లో దాక్కున్నాడు. గాజులు తొడుక్కుని, మేలిముసుగు వేసుకుని, ఆమె మేళంలో ఒక పిల్లగా.

ఇది బయటపడితే ఉద్యోగం పోతుంది. పులి కూడా పోతుంది.

పైగా బ్రహ్మచారి కూడా క్యాంపులోంచి వచ్చినవాడేనట. బొల్లారంలో ఆయనకు వేసిన దండలు మోయడానికి రిక్షా మాట్లాడాల్సి వచ్చిందట. ఆ మీసం కనబడితే చాలు, సారు పక్కకు తప్పుకునేవాడు. 'నువ్వు ఏ క్యాంపు?' అని ఒక్క మాట అడిగితే ఏం చెప్పాలి?

హజీరా లేచి నిలబడింది.

"ప్రతి అధ్యాయం ఒక ఇల్లు సార్. ఏ ఇంటి గురించి చెప్పినా ముందుగాల కాళ్ల ముచ్చటే చెప్తది. ఎవరి మడిమ పగిలింది, ఎవరి అడుగు మెత్తగ పడ్తది, గదంత. మొఖం తర్వాతనే."

సారు బాగుందన్నాడు, కూర్చోమన్నాడు. ఆ పిల్ల కూర్చోలేదు.

"ఆమె సొంత ఇంటి అధ్యాయంల గట్ల లేదు సార్. కొత్త పిల్ల వచ్చిందని రాసింది. ముసుగు చెప్పింది, గాజులు చెప్పింది, సిగ్గు చెప్పింది. కాళ్లు చెప్పలే. మీరన్నరు గదా, గిదే అలవాటు తప్పిన చోటు."

వెనక కుర్చీ కిర్రుమంది. బ్రహ్మచారి మొహం కందగడ్డలా ఎర్రబడింది. మెడ దగ్గర గుండీ విప్పుకుంటున్నాడు. ఆడవాళ్ల ఆటపాటల పుస్తకం బళ్లో చదివిస్తారా అని మండిపడుతున్నాడని సారుకు అర్థమైపోయింది.

ఎందుకు చెప్పలేదో అని ఎవరో గొణిగారు.

"పెద్దగున్నయేమో," అంది హజీరా. "ఆ పిల్ల మొగోడేమో సార్."

తరగతి గొల్లుమంది. సారు తన చెప్పుల కాళ్లు రెండూ మేజా కిందికి లాక్కున్నాడు.

ఆ మధ్యాహ్నం కళ్ల ముందు మెదిలింది. రజాకార్ల దండు సోదాకు వచ్చింది. కప్తాను చాప మీద చతికిలబడి, ఆట చూసిగానీ లేవనన్నాడు. ఒకరి ముసుగు ఇంకొకరు ఎత్తకూడదు, ఊరూ పేరూ అడగకూడదు, అది కాంతమణి ఇంటి కట్టుబాటు. పక్కనున్న, అందరూ జమీలా అని పిలిచే ఆమె తన నడుం పట్టి తాళానికి ఈడ్చుకుపోకపోతే, బిగుసుకుపోయిన సారు ఆ చాప ముందే దొరికిపోయేవాడు. తర్వాత ఆమె కోసం గల్లీలన్నీ తిరిగాడు. కనిపించలేదు. ఇంట్లోవాళ్లు తెచ్చిన సంబంధాలన్నీ అందుకే కాదంటున్నాడు.

"ఇంకో సంగతి సుత ఉంది సార్," హజీరా కాగితం తిప్పబోయింది. "తర్వాతి పేజీల."

ఆ పేజీలో ఏముందో సారుకు తెలియదు. పేర్లుంటాయేమో. తన పేరే ఉంటుందేమో.

"చాలు," అంటూ లేచాడు బ్రహ్మచారి. నాలుగంగల్లో వచ్చి పుస్తకం గుంజుకున్నాడు. పంతులును తన వెంట రమ్మన్నాడు.

వరండా పొడుగునా సారు ఆయన వెనకే నడిచాడు. హెడ్మాస్టరు గది ఖాళీగా ఉంది. బ్రహ్మచారి తలుపు గడియ పెట్టాడు. కిటికీ కూడా మూశాడు. కొడతాడేమో అనుకున్నాడు సారు. దెబ్బ పడకముందే నిజం చెప్పేయడం మేలనిపించింది.

"తప్పయింది సార్. నేను క్యాంపు మొఖం చూడలే. పులి సుత అబద్ధం. కాంతమణి ఇంట్ల ఆ కొత్త పిల్లను నేనే."

బ్రహ్మచారి ఆయన్ను కింది నుంచి మీదికి చూశాడు. మీసం మీది చెమట తుడుచుకున్నాడు. కుర్చీలో కూలబడి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"అయితే ఆ దినం కప్తాను ముందట నేను నడుం పట్టి ఆడిచ్చింది నిన్నా పంతులూ?"