పూలు రాకూడని గది

“పూలతో లోపలికి రాకూడదు. అక్కడే ఆగండి.”

పరిశోధక విద్యార్థిని గొంతు విని ముసలావిడ మెట్ల మీదే ఆగిపోయింది. చేతిలో తడిగుడ్డ మూట. అందులోంచి తెల్లటి గుత్తులు తొంగిచూస్తున్నాయి.

“కొండ మీంచి తెచ్చానమ్మా. వాడిపోకముందే లోపల...”

“ఇది పుప్పొడి చూసే ల్యాబు. బయటి రేణువు ఒక్కటి ఎగిరొచ్చి పడినా మా పనంతా మట్టిపాలే.”

అది నిజమే. కొండలోయలో సరస్సు అడుగునుంచి తీసిన బురదలో పాతకాలపు పుప్పొడి ఉంది. దాన్నిబట్టి వేల ఏళ్ళ క్రితం అక్కడ ఏ చెట్లుండేవో, వానలెలా పడేవో ఆ అమ్మాయి తేలుస్తోంది. కింది పొరల నిండా ఒకే రకం రేణువు. అది ఏ చెట్టుదో తెలియక ఏడాదిగా పరిశోధన అక్కడే ఆగిపోయింది. ఆ చిరాకంతా నాలుక చివర ఉంది.

“అది కాదమ్మా, మా...”

“ఇదేమన్నా పెళ్ళివారిల్లా పెద్దమ్మా, పూలు మోసుకురావడానికి?”

మూట లాక్కుని మెట్ల పక్క కాలువలో దులిపేసింది. పుప్పొడి లేవకుండా కుళాయి గొట్టంతో నీళ్ళు కొట్టింది. పూలు కొట్టుకుపోయాయి.

ముసలావిడ చెప్పులు చేత్తో పట్టుకుని పక్కకు జరిగింది.

“నీ పనేం చెడలేదు కదా తల్లీ?” అని మాత్రం అడిగింది.

మర్నాడు ఆ అమ్మాయి పరిశోధనకి గైడుగా ఉన్న మేడమ్ పొరుగూరి మీటింగు నుంచి వచ్చింది.

“ఎవరైనా పూలు తెచ్చారా? నీకు చెప్పడం మరిచాను. ఆ రేణువు ఏ చెట్టుదో నాకో అనుమానం వచ్చింది. లోయ మొత్తానికి అలాంటి చెట్టు ఒక్కటే మిగిలింది. పూలు తెప్పిస్తే వెనక గదిలో పోల్చి చూద్దామనుకున్నా.”

అమ్మాయి మెట్ల పక్క కాలువ వైపు చూసింది.

“ఎవరూ... రాలేదు మేడమ్.”

మేడమ్ ఫోన్ చేసింది. అవతలి గొంతు గదంతా వినిపించింది.

“దారిలోనే వాడిపోయాయమ్మా. పారేసి వెనక్కి వచ్చేశాను. రాత్రి వానకి చెట్టు మీదవీ రాలిపోయాయి. ఇక వచ్చే ఏడే. నీ దగ్గర చదివే పిల్లకి చెప్పు, బెంగ పెట్టుకోవద్దని.”

అమ్మాయి బల్ల అంచు పట్టుకుంది. నిజం గొంతుదాకా వచ్చింది. మింగేసింది.

మేడమ్ ఫోన్ పెట్టేసి నిట్టూర్చింది.

“నీ చదువు ఆగిపోయిందని ఓసారి మాటల్లో అన్నానంతే. వేరేవాళ్ళు కోస్తే నలిగిపోతాయని, ఈ వయసులో నిచ్చెనెక్కి తనే కోసింది మా అత్తగారు.”