కాలరు మీద పసుపు

"అమ్మా, వాటీజ్ దిస్?" కోటు కాలరు పట్టుకుని అరిచింది విద్య. లేత క్రీము రంగు ఉన్ని మీద బొటనవేలంత పసుపు మరక.

వసుమతి గతుక్కుమంది. "లోపలివైపే పెట్టానే! తడి పైకి ఊరినట్టుంది."

"అసలెందుకు పెట్టావ్?"

"కొత్త బట్ట తొడుక్కునేముందు పసుపు పెట్టద్దూ?"

"కొత్తదా? ఇది ఎయిటీన్ నైంటీస్‌ది, మామ్! పక్కింటి మిసెస్ హార్పర్ వాళ్ళ గ్రేట్ ఆంట్‌ది. స్కూల్ ప్లే కోసం అడిగితే ఎంతసేపు ఆలోచించి ఇచ్చిందో నీకు తెలీదు. ఇంకెప్పుడూ నాతో మాట్లాడదు!"

"నీకు కొత్తదేగా" అంది వసుమతి నెమ్మదిగా.

కంగారులో సబ్బు రాసింది. పసుపు కాస్తా ఎర్రబడింది. ఉలిక్కిపడి నీళ్ళద్దితే మళ్ళీ పసుపు తేలింది గానీ మరక మాత్రం కదల్లేదు.

కోటూ, దాని జత స్కర్టూ మడతపెడుతుంటే ప్రాణం ఉసూరుమంది. ఆ ఆంట్ దీన్ని మగవాళ్ళ సూట్లు కుట్టే టైలరు చేత కుట్టించిందట. నడుముకి అతికినట్టు కోత, భుజాల దగ్గర బుట్టచేతులు. లోపలి పట్టు లైనింగ్ ఎక్కడా నలగలేదు. స్కర్టు అంచు నేల ముఖం చూసినట్టే లేదు. ఎంత పొందికగా వాడుకుందో మహాతల్లి అనుకుంది.

ఇద్దరూ వెళ్ళి పక్కింటి తలుపు తట్టారు. మిసెస్ హార్పర్ చేతికర్ర ఊతంగా వచ్చి తీసింది.

"తప్పు నాది. మా అమ్మాయికేం తెలీదు" అంటూ వసుమతి కాలరు చూపించింది.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది. ముఖం పాలిపోయింది.

"ఏమిటిది?"

"పసుపు. మా వైపు కొత్త బట్టకి ఓ మూల పెడతాం. వేసుకున్నవాళ్ళు నాలుగు కాలాలపాటు చల్లగా ఉండాలని."

ఆవిడ మరకని వేలితో మెల్లగా నిమిరింది.

"ఐయామ్ సో సారీ" అంది విద్య. "డ్రై క్లీనింగ్‌కి ఇస్తాం."

"వద్దు. ఉండనీ." కోటు గుండెలకి హత్తుకుంది ఆవిడ. "పెళ్ళి మర్నాడు ఇది వేసుకుని పెళ్ళికొడుకుతో రైలెక్కాలని మా తాతయ్య చెల్లెలి ముచ్చట. పెళ్ళికి వారం ముందు జ్వరమొచ్చింది. పెళ్ళి గౌను తొడిగే పూడ్చిపెట్టారు. ఈ సూటు పెట్టెలో ఉండిపోయింది. మీ అమ్మాయికంటే ముందు దీన్ని ఎవరూ తొడుక్కోలేదు."