తెరకు ఎడమ పక్క

“సంతకం పెట్టమ్మా,” అన్నాడు డైరెక్టర్ షౌకీ. “నీ అంతట నువ్వు ఉద్యోగం వదిలేస్తే గొడవ పోలీసుల దాకా వెళ్లదు.”

డాక్టర్ ఇన్‌సాఫ్ కలం ముట్టుకోలేదు.

“హెచ్చరిక రాలేదు సార్. వస్తే పెన్సిలిన్ ఎందుకిస్తాను? ఆ ముసలాయనతో నాకేం పగ?”

“వచ్చింది,” అన్నాడు వజ్దీ. ఆ అలెగ్జాండ్రియా ఆసుపత్రికి మందుల ప్రోగ్రాము రాసింది అతనే. “ఈ రోగికి ఈ మందు పడదు, అయినా ఇవ్వాలా అని కంప్యూటర్ అడిగింది. మీరు అవునన్నారు. అంతా నమోదై ఉంది. అబద్ధమాడాల్సిన అవసరం కంప్యూటర్‌కి లేదు.”

“నాకుందా?”

“మనిషి పోయాడు కదా డాక్టరమ్మా. మీకు భయం ఉంటుంది.”

“నేనూ చూశాను,” అన్నాడు షౌకీ. “పొద్దున ఇతనే తన గదిలో చూపించాడు. తెర మీద ఇంతెర్రటి పెట్టె. గుడ్డివాడికైనా కనపడుతుంది.”

“నా వార్డులో చూపించమనండి. అక్కడ కనపడితే సంతకం పెడతాను.”

వజ్దీ నవ్వాడు. “పదండి. పోయిన నెల మీ డాక్టర్లే నా ప్రాణం తీశారు. పెట్టె వచ్చి రోగి పేరు మీద కూర్చుంటోందని ఒకటే గోల. అరబ్బీ పేరు కుడి నుంచి మొదలవుతుంది కాబట్టి పెట్టెను ఎడమకు తోశాను. ఇంకా అడ్డమన్నారు. ఇంకా తోశాను. ఇప్పుడది దేనికీ అడ్డం రాదు. మళ్లీ కనపడలేదంటారు!”

వార్డులోకి అడుగు పెట్టగానే కిటికీ పక్క మంచం మీద నుంచి వజ్దీ భార్య నగ్లా చెయ్యి ఊపింది. జ్వరంతో అక్కడ చేరింది.

“నన్ను చూడ్డానికా, కంప్యూటర్‌ని చూడ్డానికా?”

“కంప్యూటర్‌నే. అది నీలా సణగదు.”

“దాన్నే కట్టుకోవాల్సింది. చిక్కుడు గింజల ఫూల్ వండించి తెస్తానన్నావు, ఏది? ఈ చప్పిడి సూపు తాగలేక చస్తున్నాను.”

“ఈ పంచాయితీ తేలగానే తెస్తాను. నిమ్మకాయ పిండించి మరీ.”

“అబ్బో, వల్లాహి, జ్వరం నాకా నీకా?” అందామె. పక్క మంచం ఆవిడ కూడా నవ్వింది.

డాక్టరు కూర్చునే గది వార్డు చివర ఉంది. ఇన్‌సాఫ్ తన పాస్‌వర్డ్ కొట్టి కుర్చీ ఖాళీ చేసింది. వజ్దీ కూర్చున్నాడు.

“ఈ ప్రోగ్రాము వచ్చాకే మనకు వేగం వచ్చింది,” అన్నాడు షౌకీ. “ఇక్కడ మందు రాస్తే అవతల నర్సు కరీమా సూది పట్టుకుని లేస్తుంది. చీటీలు లేవు, ఎదురుప్రశ్నలు లేవు.”

“పెన్సిలిన్ పడని మనిషి ఒకరు నాకు బాగా తెలుసు,” అన్నాడు వజ్దీ. “ఆ సంగతి ఇందులోకి నా చేత్తో నేనే ఎక్కించాను. పెట్టె వస్తుంది, మీరు కళ్లారా చూస్తారు, నేను వద్దు అని నొక్కేస్తాను. అంతే.”

చకచకా పేరు కొట్టాడు. మందు ఎంచుకున్నాడు. అతను కొట్టిన పేరు వైపు ఇన్‌సాఫ్ చూడలేదు. పెట్టె ఎక్కడ పుడుతుందోనని తెర మధ్యకే చూస్తోంది.

ఏమీ పుట్టలేదు. తెర బిగుసుకుపోయింది. మీటలు నొక్కినా కదల్లేదు.

“చూశారా? రోజూ ఇదే వరస,” అంది ఇన్‌సాఫ్. “ఎంటర్ కొట్టండి, కదులుతుంది. మేమందరం అంతే చేస్తాం.”

వజ్దీ విసుగ్గా ఎంటర్ కొట్టాడు. తెర కదిలింది.

“పెట్టె ఏదీ?” అన్నాడు షౌకీ.

వజ్దీ తెర పక్కన ఖాళీ గోడ వైపు చూస్తున్నాడు.

“ఇక్కడ ఒకటే తెర ఉందా?”

“వార్డుకు ఎన్నిస్తారు?” అంది ఇన్‌సాఫ్.

“నా గదిలో రెండు. ఎడమ పక్కన ఇంకోటి.” అతని గొంతు దిగిపోయింది. “పెట్టె ఆ రెండో దాని మీద వచ్చేది. నేను... చూసుకోలేదు.”

“అంటే ఇక్కడ?”

“ఇక్కడ కూడా వస్తుంది. తెర బయట.”

మళ్లీ అదే పేరు, అదే మందు. మళ్లీ తెర బిగుసుకుంది. ఈసారి ఎంటర్ జోలికి పోలేదు. పెట్టెను జరిపే మీటలు నొక్కి, బాణం గుర్తును అదిమి పట్టాడు. ఎడమ అంచు నుంచి ఎర్రటి గీత ఒకటి తొంగి చూసింది. పాకుతూ పాకుతూ పెట్టె మొత్తం లోపలికి వచ్చింది.

‘ఈ రోగికి ఈ మందు ప్రాణాంతకం. అయినా ఇవ్వాలా?’

కింద రెండు బొత్తాలు. ‘అవును’ చుట్టూ నల్లటి గీత. ఎంటర్ కొడితే ఏది పడుతుందో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇన్‌సాఫ్ షౌకీ చేతిలోని రాజీనామా కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేసింది. “ఆ ముసలాయన్ని నేను చంపలేదు,” అంది. “మీరు చంపారు. పెట్టెను గోడలోకి తోసి చంపారు.”

వజ్దీ ‘వద్దు’ నొక్కాడు. పెట్టె మాయమైంది. అతని చూపు ఎంటర్ మీట మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. కుర్చీ వెనక్కి పడేలా లేచాడు.

గుమ్మంలో కరీమా. చేతి పళ్లెంలో ఖాళీ సూది.

“డాక్టర్, మీరిప్పుడు రాసిన పెన్సిలిన్ కిటికీ పక్కావిడకు ఇచ్చేశాను,” అంది. “ఫూల్ ఎప్పుడు తెస్తారో వాళ్లాయన్ని అడగమంది.”