ఏ నేరానికమ్మా?

“ఎన్నేళ్ళు వేస్తారు మేడమ్?” అంటూ తల్లి దిండూ దుప్పటీ స్టేషన్ బల్ల మీద పెట్టింది.

తాళాలు తీసే పని చేసుకునే కూతురు బెంచీ మీద తల పట్టుకుంది.

“మీ అమ్మాయిని అరెస్టు చేయలేదమ్మా,” అంది హెడ్ కానిస్టేబుల్. “ఒకాయన పిలిస్తే వెళ్ళి ఆయన ఇంటి తాళం తీస్తుంటే పక్కింటివాళ్ళు దొంగనుకుని ఫోన్ చేశారు. ఆ ఇల్లు ఆయనదేనని తేలేదాకా ఆపాం, అంతే. అరెస్టు చేస్తే ఏ నేరానికో చెప్పాలి, జడ్జి ముందు నిలబెట్టాలి. ఆపినప్పుడు అడగాల్సింది అడిగి, అనుమానం తీరగానే వదిలెయ్యాలి.”

అంతలో ఆ ఇంటాయన పక్కింటాయన్నే సాక్ష్యానికి వెంటబెట్టుకుని వచ్చాడు. పోలీసులు వదిలేశారు.

తల్లి మాత్రం కూతురి చెయ్యి పట్టుకుంది. “ఈ పని మానెయ్. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నేనుండలేను. ఇక నువ్వు గడప దాటితే ఒట్టే.”

“ఏ నేరానికమ్మా?”

హెడ్ కానిస్టేబుల్ నవ్వాపుకోలేక దగ్గింది.

కూతురి ఫోన్ మోగింది. ఎవరో పెద్దావిడ తాళంచెవి లోపలే మరిచిపోయి, తలుపు దానంతటదే మూసుకుపోయి, బయట ఉండిపోయిందట.

“ఎక్కడ?” అంది తల్లి, చెయ్యి వదలకుండానే.

“వెనక వీధిలో.”

“ఒక్కతేనా?”

“ఒక్కతే.”

“పొయ్యి మీద ఏమైనా పెట్టిందా?”

“పాలు.”

తల్లి కూతురి చెయ్యి వదిలేసి, పనిముట్ల సంచీ అందించింది.

“నేను అడగాల్సింది అయిపోయింది. ఇంకా నిలబడ్డావేం, వెళ్ళు.”